పశువుకు వేసే సూది, రాబందు ప్రాణం: ప్రాణహిత ఒడ్డున ఒక ఎద్దు కేసు

ఈ కేసులో రోగి ఒక ఎద్దు. రాస్తున్నది మాత్రం రాబందుల కోసం.

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో, ప్రాణహితకు ఇవతలి పల్లెల్లో నేను పశువైద్యం చేస్తుంటాను. కాగజ్‌నగర్ అటవీ డివిజన్‌లోని పాలరాపు గుట్ట మాకు దగ్గరే. 2013లో ఆ గుట్ట నిటారు రాతి గోడ మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెట్టుకుని ఉన్నట్టు బయటపడింది. తెలంగాణ అడవుల్లో ఈ పక్షి మీద చాలామంది ఆశ వదిలేసుకున్న రోజులవి. అటవీ శాఖ గుట్టకు కాపలా పెట్టింది, పక్షులకు తిండి ఏర్పాటు చేసింది. 2016 ప్రాంతంలో ముప్పై దాకా ఉన్నాయని లెక్క తేల్చారు. ఆ తర్వాత ఆ సంఖ్య నిలబడలేదు.

దానికి ఒక్కటే కారణమని చెప్పలేం. వానకు గూడు పాడవ్వొచ్చు, పిల్ల జారి పడొచ్చు, పక్షులు నది దాటి మహారాష్ట్రలోని గడ్చిరోలి వైపు మకాం మార్చొచ్చు. అవేవీ నా చేతిలో లేవు. నా చేతిలో ఉన్నది పశువుకు వేసే నొప్పి సూది. రాబందు పడుకునే చోటుకు ఎంత కాపలా పెట్టినా, అది తినే తిండి, అంటే చచ్చిన గొడ్డు, మా పశువుల కొట్టాల నుంచే వస్తుంది. తిండి కోసం అది ఒక్క రోజులో వంద కిలోమీటర్లు తిరగగలదు. మండలం, జిల్లా, రాష్ట్రం హద్దులు దానికి లేవు. అందుకే రాబందుల సురక్షిత ప్రాంతం అన్నప్పుడు గూడు చుట్టూ కనీసం వంద కిలోమీటర్ల వ్యాసార్థం లెక్కలోకి తీసుకుంటారు. అంటే ముప్పై వేల చదరపు కిలోమీటర్ల పైమాటే. అంత మేరా ఏ అటవీ శాఖా కంచె వెయ్యలేదు. అక్కడ పశువులకు సూదులు వేసే వాళ్లే కాపలా కాయాలి.

మందు చేసే పని

డైక్లోఫెనాక్ అందరికీ తెలిసిన మందే. నడుం నొప్పికి, మోకాళ్ల నొప్పికి మనమూ వాడతాం. 1990ల్లో అది పశువులకూ చవగ్గా దొరకడం మొదలైంది. వాపు తగ్గేది, జ్వరం దిగేది, పడుకున్న గొడ్డు లేచి మేత ముట్టేది. రైతుకు తృప్తి, డాక్టరుకు మంచి పేరు. సరిగ్గా ఆ ఏళ్లలోనే రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలాదేవ్ పార్కులో రాబందులు మెడలు వాల్చేసి కొమ్మల మీద కూర్చోవడం, చెట్ల కింద చచ్చిపడి ఉండటం బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త విభు ప్రకాశ్ గమనించారు. 1992 నుంచి 2007 మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందులు 99.9 శాతం తగ్గిపోయాయి. పొడుగు ముక్కు, సన్న ముక్కు రాబందులు దాదాపు 97 శాతం పోయాయి. ఇంత వేగంగా తగ్గిపోయిన పక్షులు ప్రపంచంలోనే అరుదు. మొదట్లో ఏదో వైరస్ అనుకున్నారు. పాకిస్తాన్‌లోని పంజాబ్‌లో చచ్చిన రాబందులను పరీక్షించిన లిండ్సే ఓక్స్ బృందం 2004లో అసలు దోషి డైక్లోఫెనాక్ అని తేల్చింది.

ఈ మందు రాబందు మూత్రపిండాలను దెబ్బ తీస్తుంది. పక్షులు వ్యర్థాన్ని యూరిక్ ఆమ్లం రూపంలో బయటికి పంపుతాయి. మూత్రపిండాలు ఆగిపోతే ఆ ఆమ్లం రక్తంలో పెరిగి, లోపలి అవయవాల మీద పేరుకుంటుంది. చచ్చిన పక్షిని కోసి చూస్తే గుండె మీద, కాలేయం మీద సుద్ద పూసినట్టు తెల్లటి పొర కనిపిస్తుంది. మందున్న మాంసం తిన్న రెండు మూడు రోజుల్లోనే ప్రాణం పోతుంది.

మోతాదు చూస్తే భయం వేస్తుంది. కిలో బరువుకు 0.1 నుంచి 0.2 మిల్లీగ్రాముల మందు లోపలికి వెళితే తిన్న రాబందుల్లో సగం చచ్చిపోతాయి. పక్షి బరువు ఐదారు కిలోలు. అంటే ఒక మిల్లీగ్రాము అటూ ఇటూ. మనుషులకు వాడే 3 మిల్లీలీటర్ల ఆంప్యూల్‌లో ఉండేది 75 మిల్లీగ్రాములు.

ఇంకో లెక్క కూడా ఉంది, దాన్ని ప్రతి పశువైద్యుడూ గుర్తుంచుకోవాలి. రాబందులు ఆ వేగంతో తగ్గిపోవడానికి ఊళ్లోని కళేబరాలన్నీ విషం కానక్కర్లేదు. వెయ్యి కళేబరాల్లో ఏడెనిమిదింట్లో ప్రాణం తీసేంత మందు ఉంటే సరిపోతుందని పరిశోధకులు లెక్క కట్టారు. నిషేధానికి ముందు మన దేశంలో కళేబరాల నమూనాలు తీసి పరీక్షిస్తే ప్రతి పదింటిలో ఒకదానిలో డైక్లోఫెనాక్ దొరికింది. ఒక కళేబరం మీద పదుల కొద్దీ రాబందులు ఒకేసారి వాలతాయి. పైగా జంట ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, పుట్టిన పిల్ల గుడ్డు పెట్టే వయసుకు రావాలంటే ఐదేళ్లు పడుతుంది. ఒక్క పూటలో పోయిన పక్షుల లోటు పూడాలంటే ఏళ్లు కావాలి.

ఎద్దు

పత్తి చేలల్లో గుంటక తోలే రోజులు. ఒక రైతు ఫోన్ చేసి, ఎద్దు లేవడం లేదన్నాడు. వెళ్లేసరికి అది కొట్టంలో పక్కకు ఒరిగి ఉంది. మూడు వందల కిలోల వరకు ఉంటుంది. జ్వరం 106 డిగ్రీలు. కింది రెప్ప లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. చెవుల వెనక, గంగడోలు మడతల్లో పిడుదులు కుప్పలుగా ఉన్నాయి. మూత్రం కాఫీ రంగులో వస్తోంది. రక్తమూత్ర వ్యాధి. పిడుదుల ద్వారా వచ్చే సూక్ష్మజీవి ఎర్ర రక్తకణాలను పగలగొట్టేస్తుంది. వానాకాలంలో మాకు ఇది మామూలుగా వచ్చేదే, తొందరగా పట్టుకుంటే నయమయ్యేదే.

"నిన్న పొద్దున సూది ఏసినంక కొంచెం మేత మేసింది సార్. మల్ల రాత్రి నుంచి పండుకున్నది" అన్నాడు రైతు.

ఏం సూది అంటే తెలియదు, జ్వరం సూది అన్నాడు. కొట్టం మూల పేడకుప్ప పక్కన పగిలిన గాజు ఆంప్యూళ్లు నాలుగు కనిపించాయి. ఒకదాని మీద లేబుల్ ఇంకా ఉంది. డైక్లోఫెనాక్ సోడియం, 75 మిల్లీగ్రాములు, మనుషులకు వాడేది. నాలుగూ కలిపితే 300 మిల్లీగ్రాములు. మూడు వందల కిలోల ఎద్దుకు కిలోకు ఒక మిల్లీగ్రాము చొప్పున లెక్క సరిపోయింది. సూది వేసినవాడికి మోతాదు బాగానే తెలుసు.

ఇక్కడ రాబందుల సంగతి పక్కన పెట్టి ఎద్దు వైపు నుంచే ఆలోచించండి. ఈ సూది జ్వరాన్ని దించింది, జబ్బును ముట్టుకోలేదు. ఎద్దు మేత ముట్టడంతో తగ్గిందనుకుని రైతు ఆ పగలంతా ఊరుకున్నాడు. లోపల రక్తకణాలు పగులుతూనే ఉన్నాయి. రోగానికి మందు వెయ్యాల్సిన రోజు చేజారింది. నొప్పి మందు విడిగా వేస్తే పశువుకు జరిగే నష్టం ఇదే. రైతులతో మాట్లాడేటప్పుడు నేను దీనితోనే మొదలుపెడతాను. రాబందు పేరు చెబితే వినని వాళ్లు కూడా తమ ఎద్దు పేరు చెబితే వింటారు.

ఆ సూక్ష్మజీవిని చంపే డిమినజీన్ సూది కండలోకి లోతుగా వేశాను, నరానికి సెలైన్ ఎక్కించాను. రక్తం అప్పటికే చాలా పోయింది. తెల్లవారుజామున ఎద్దు చనిపోయింది. జోడెద్దుల్లో ఒకటి పోతే రెండోది ఉన్నా పని సాగదు. ఆ ఇంటికి ఆ ఏడు సాగు ఎలా గడుస్తుందో నాకు తెలుసు కాబట్టి, ఆ తర్వాత మాట ఎత్తడం చాలా కష్టమైంది. ఎత్తకుండా ఉండటానికి మాత్రం వీల్లేదు.

కళేబరం ఎక్కడికి పోవాలి

చచ్చిన గొడ్డును వాగు ఒడ్డుకు లాగి వదిలెయ్యడం ఊరి అలవాటు. ఈసారి ఊళ్లో ఒక పెద్దాయన ఇంకో మాట అన్నాడు: "అడవి సార్లకు చెప్దాం. గుట్ట మీది రాబందులకు తిండి అయితది."

ఆయన మంచి మనసుతో అన్నమాట అది. పాలరాపు రాబందుల గురించి ఊళ్లలో జరిగిన ప్రచారం వల్లే ఆ ఆలోచన వచ్చింది, అందుకు నాకు సంతోషంగా ఉంది. కానీ మా ప్రాంతంలో ఆ రోజు రాబందులకు పెట్టగలిగిన అతి ప్రమాదకరమైన తిండి ఆ ఎద్దే. సూది వేసి రెండు రోజులు కూడా కాలేదు. డైక్లోఫెనాక్ వేసిన పశువు కాలేయంలో ఆ మందు దాదాపు మూడు రోజుల వరకు దొరుకుతుంది. కాలేయం, మూత్రపిండాల్లో ఎక్కువ పేరుకుంటుంది. రాబందులు మెత్తని లోపలి అవయవాలను ఇష్టంగా తింటాయి.

అందుకే మా దగ్గర ఏ పశువు చనిపోయినా నేను ఇప్పుడు మూడు సంగతులు అడిగి కేస్ షీట్ మీదే రాస్తున్నాను. చివరి వారంలో ఎవరెవరు సూది వేశారు, ఏం మందు, ఏ రోజు. పెట్టె గానీ, సీసా గానీ, పగిలిన ఆంప్యూల్ గానీ కళ్లతో చూడాలి, నోటిమాట చాలదు. మూడు రోజుల్లో మందు చాలావరకు పోతుందని తెలిసినా నేను వారం పెట్టుకున్నాను, ఎందుకంటే పల్లెలో నిన్న, మొన్న అనే మాటలు ఒక్కోసారి రెండు మూడు రోజులు అటూ ఇటూ అవుతాయి. మందు ఏదో తేలకపోతే ఆ కళేబరం పూడ్చాల్సిందే. దొమ్మ (ఆంత్రాక్స్) అనుమానం ఉంటే, అంటే ముక్కు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే, కొయ్యకూడదు, తోలు తియ్యకూడదు, మందుల ప్రశ్నతో పని లేకుండా లోతుగా పూడ్చాలి.

పూడ్చడం చెప్పినంత తేలిక కాదు. ఆరడుగుల గొయ్యి కావాలి, మా వైపు రెండడుగుల కిందే రాయి తగులుతుంది. ఎద్దు పోయిన ఇంటివాళ్లను జేసీబీ కిరాయి పెట్టుకోమనడం న్యాయం కాదు. రోడ్డు పనికి వచ్చిన జేసీబీ ఆ రోజు దగ్గర్లో ఉండటం, సర్పంచ్ మాట సాయం చెయ్యడం వల్ల పని జరిగింది. సున్నం చల్లి, మట్టి నింపి, పైన ముళ్లకంప, రాళ్లు వేయించాను. గొయ్యి తవ్వుతుండగానే కుక్కలు చుట్టూ చేరాయి.

ఆ కుక్కల గుంపు కూడా రాబందుల కథలో భాగమే. రాబందులు ఉన్న రోజుల్లో కళేబరం గంటల్లో ఎముకల గూడు అయ్యేది. అవి పోయాక ఆ మాంసం కుక్కల పాలైంది, వాటితోపాటు రేబిస్ భయం పెరిగింది, కుళ్లిన కళేబరాలతో నీళ్లు పాడయ్యాయి. ఇయల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఆర్థికవేత్తలు 2024లో అచ్చయిన అధ్యయనంలో, రాబందులు పోవడం వల్ల 2000 నుంచి 2005 మధ్య మన దేశంలో సుమారు 5 లక్షల మంది అదనంగా చనిపోయారని అంచనా కట్టారు. రాబందును కాపాడటం పక్షిప్రేమికుల పని అనుకునే అధికారులకు నేను ముందు ఈ లెక్కే చూపిస్తాను.

కళేబరానికి ఇంకో ప్రమాదమూ ఉంది. పశువును పులో చిరుతో చంపితే కోపంతో మిగిలిన మాంసానికి పురుగుమందు పూసేవాళ్లున్నారు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవుల్లో పులులు చనిపోయినప్పుడు విషప్రయోగం కోణంలోనే దర్యాప్తు నడిచింది. పులి కోసం పెట్టిన విషాన్ని రాబందూ తింటుంది. పులి చంపిన పశువుకు పరిహారం ఎంత త్వరగా చేతికొస్తే ఆ కోపం అంత త్వరగా చల్లారుతుంది. రాబందుల రక్షణ ఖర్చులో దీన్నీ కలిపి చూడాలని నా అభిప్రాయం.

మందుల షాపు

చట్టం తన వంతు చేసింది. పశువుల కోసం డైక్లోఫెనాక్ తయారీని 2006లో ఆపేశారు. అప్పుడు మనుషుల మందును పశువులకు మళ్లించారు. 30 మిల్లీలీటర్ల పెద్ద సీసా మనిషికి ఎందుకు? ఒక్క సీసాతో రెండు పశువులకు సూది వెయ్యొచ్చు కాబట్టే అది అమ్ముడుపోయేది. 2015లో మనుషుల సూది మందును 3 మిల్లీలీటర్లకు మించి ఒక ప్యాకులో అమ్మకూడదని కేంద్రం ఆదేశించింది. కంపెనీలు కోర్టుకు వెళ్లాయి, 2017లో మద్రాసు హైకోర్టు ఆ ఆదేశాన్ని నిలబెట్టింది. దాంతో పెద్దపశువుకు నాలుగు ఆంప్యూళ్లు పగలగొట్టాల్సి వచ్చింది. చిరాకు పెరిగి చాలామంది మానేశారు. మా ఎద్దు కేసు చెప్పినట్టు అందరూ మానలేదు.

మానిన వాళ్లు ఏం పట్టుకున్నారన్నది అసలు ప్రశ్న. కొందరు కీటోప్రొఫెన్‌కు మారారు, అదీ రాబందుకు విషమే. కొందరు ఎసిక్లోఫెనాక్‌కు మారారు, అది పశువు ఒంట్లోకి వెళ్లాక డైక్లోఫెనాక్‌గానే మారిపోతుంది. ఈ రెంటినీ పశువులకు వాడకుండా 2023లో నిషేధించారు. 2024 చివర్లో నిమెసులైడ్‌నూ ఆపారు. ఒక్కో మందు హానికరమని రుజువై, కాగితం మీద నిషేధం రావడానికి ఏళ్లు పట్టింది. ఈలోగా షాపులో పక్క అరలోంచి ఇంకో పేరు ముందుకొచ్చేది. నా అనుభవంలో "ఇది వాడకండి" అనే మాట ఒక్కటే ఎక్కడా పని చెయ్యలేదు. "ఇది వాడండి, ఇంత వాడండి" అని చెప్పినప్పుడే మార్పు వచ్చింది.

వాడాల్సింది మెలాక్సికామ్. 2006లోనే రాబందుల మీద పరీక్షించి సురక్షితమని తేల్చారు. తర్వాత టోల్ఫెనమిక్ ఆమ్లం కూడా ఆ జాబితాలో చేరింది. మెలాక్సికామ్ బలంగా పని చెయ్యదని పల్లెల్లో ఒక అపవాదు ఉంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో షాపుల్లో తిరిగి చూస్తే నాకు అర్థమైంది. మా దగ్గర ఎక్కువగా దొరికేది మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములున్న సీసా. కిలోకు 0.5 మిల్లీగ్రాముల చొప్పున మూడు వందల కిలోల ఎద్దుకు 150 మిల్లీగ్రాములు కావాలి, అంటే ఆ సీసాలోంచి 30 మిల్లీలీటర్లు. అంత సూది ఎవరూ వెయ్యరు. పది మిల్లీలీటర్లు వేసి వెళ్లిపోతారు. మూడో వంతు మోతాదుకు వాపు తగ్గదు, పేరు మందుకు చెడుతుంది, మర్నాడు డైక్లోఫెనాక్ ఆంప్యూళ్లు బయటికొస్తాయి. అదే మందు మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల బలంతో కూడా వస్తుంది. దానితో ఏడున్నర మిల్లీలీటర్లు చాలు, ఒక్క చోట ఒక్క సూదితో పని అయిపోతుంది. దగ్గర్లోని షాపు యజమానితో కూర్చుని ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాను. పెద్ద బలం మందు తెప్పిస్తే నేను రాస్తానని మాట ఇచ్చాను. తెప్పించాడు, రాస్తున్నాను, కదులుతోంది. నొప్పి మందులు రెండు మూడు కలిపిన సీసాలను మాత్రం నేను రాయను, విడి మెలాక్సికామే రాస్తాను.

ఆ ఎద్దుకు సూది వేసిన కుర్రాడి దగ్గరికీ వెళ్లాను. పట్టిస్తానని బెదిరించడానికి కాదు. రాత్రి పదకొండింటికి వాగు దాటి వచ్చేది అతనే, నేను ఎప్పుడూ అందుబాటులో ఉండలేను. అతన్ని దూరం పెడితే అతని సంచిలో ఏముందో మనకెప్పటికీ తెలియదు. "తమ్ముడూ, జ్వరం చూడగానే సూది తియ్యకు. ముందు మూత్రం రంగు చూడు, రెప్ప లాగి చూడు, నాకు ఫోన్ చెయ్" అన్నాను. రక్తమూత్రం, గొంతువాపు, జబ్బవాపు ఎలా పోల్చుకోవాలో చూపించాను. బరువును బట్టి మెలాక్సికామ్ ఎన్ని మిల్లీలీటర్లో ఒక అట్టముక్క మీద రాసిచ్చాను. ఇప్పుడు అతను ఫోన్ చేస్తున్నాడు. ఊళ్లలో పశువు చచ్చిపోతే ముందు కబురు అతని నుంచే వస్తోంది, ఏ మందు వేశాడో దాచకుండా చెబుతున్నాడు. ఈ కేసులో నాకు దక్కిన గట్టి లాభం ఇదే.

ఇంకా మిగిలింది

నేపాల్ దారి నన్ను బాగా ఆకట్టుకుంది. వాళ్లూ 2006లోనే డైక్లోఫెనాక్‌ను నిషేధించారు. నవల్‌పరాసీలో ఊరివాళ్లే ముసలి పశువులను తెచ్చి, చివరిదాకా సాకి, సహజంగా చచ్చిపోయాక రాబందులకు పెట్టే ఏర్పాటు చేసుకున్నారు. దానికి జటాయువు పేరే పెట్టారు. దాంతోపాటే జిల్లా జిల్లాకూ తిరిగి షాపుల్లోని డైక్లోఫెనాక్ తీయించి, బదులుగా మెలాక్సికామ్ ఇచ్చారు. అక్కడ తగ్గుదల ఆగి సంఖ్య మళ్లీ పెరిగింది. పశువు చివరి రోజుల్లో ఏం మందు పడిందో అక్కడ ఖాయంగా తెలుసు. అదొక్కటీ లేకుండా రాబందులకు తిండి పెట్టే చోటు నడపడం నాకు ఇష్టం లేదు.

హైదరాబాద్ జూపార్క్‌లోనూ, హర్యానాలోని పింజోర్‌లోనూ రాబందులను పెంచి పిల్లలు చేయిస్తున్నారు. ఆ పని ఎంతో అవసరం. కానీ పెంచిన పక్షిని వదిలే చోట వంద కిలోమీటర్ల మేర సూదులు మారకపోతే ఆ శ్రమంతా ఒక్క కళేబరం దగ్గర పోతుంది.

మా దగ్గర మూడు పనులు తెగలేదు. కళేబరంలో మందు ఉందో లేదో జిల్లా స్థాయిలోనే తేల్చే పరీక్ష కావాలి. ప్రస్తుతం మేం అడిగి తెలుసుకునే దాని మీదే ఆధారపడుతున్నాం. గొయ్యి తవ్వే ఖర్చు పంచాయతీ భరించేలా తీర్మానం కావాలి. పత్తి సీజన్‌లో జేసీబీ ఎప్పుడూ దగ్గర్లో ఉండదు. మూడోది నది అవతల. మా రాబందు పొద్దున గడ్చిరోలిలో తిని సాయంత్రం ఇటు రావొచ్చు, కాబట్టి అటువైపు పశువైద్యులూ మేమూ ఒకే మందుల జాబితా వాడాలి. గాలికుంటు టీకాల సమయంలో ఇరువైపుల సిబ్బందీ ఇంటింటికీ తిరుగుతారు. వచ్చే విడతలో టీకాతోపాటు ప్రతి ఇంట్లో "ఈ మధ్య నొప్పి సూది ఎవరు వేశారు, ఏది వేశారు" అని అడిగి రాసుకోవాలని మా మండలంలో అనుకున్నాం. దానికి రిజిస్టర్‌లో రెండు గడులు అదనంగా గీయించాం.